పది లక్షల మూడు

పది లక్షల మూడు ప్రధాన సంఖ్య. ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించలేదు. ఈ సంగతి ఏ పుస్తకంలోనో చూసి చెప్పడం లేదు. నా చేత్తో నేనే తేల్చుకున్నాను, అదీ రెండుసార్లు. అందుకు నాకు ఏడాదిన్నర పట్టింది. ఓపిక ఉన్నవాడు గట్టిగా కూర్చుంటే ఒక ఆదివారం పని. అంత కాలం ఎందుకు పట్టిందో ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అరవైల మొదట్లో పులికాట్ సరస్సు ఒడ్డున ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరుగా ఉండేవాణ్ణి. ఎదురుగా నీళ్ళు, నీళ్ళకవతల శ్రీహరికోట. అప్పటికది కట్టెలు కొట్టుకొచ్చే అడవి మాత్రమే. నాకు అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు. నా భార్యది మనుబోలు దగ్గర పల్లె, వరి పండించుకునే కుటుంబం. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున జ్వరం తగిలి నా భార్య పోయింది. టెలిగ్రాం నాకు మధ్యాహ్నం రెండో పీరియడ్‌లో అందింది. ఆ పీరియడ్ పూర్తిచేసి బయల్దేరాను. ఎందుకు పూర్తిచేశానో అడగవద్దు, నాకే తెలియదు.

కర్మలన్నీ అయ్యాక మా అత్తగారు వసారాలో నా ఎదురుగా కూర్చున్నారు. ఒళ్ళో పిల్ల ఉంది.

"నాయనా, ఇంత పసిగుడ్డును మీరొక్కరే ఎట్టా సాకతారు? ఇప్పటికి నాకాడ ఉండనీండి. మీ మనసు కుదటపడినాక వచ్చి తీసకపోండి. మీ బిడ్డ మీ బిడ్డే, నేనేం ఉంచేసుకోను" అన్నారు.

సరే అన్నాను. ఆ పిల్లను ఎత్తుకుని చూశాను కూడా. ఒక బిడ్డను ఎత్తుకున్నాననే సంగతి తెలుస్తోంది గానీ అంతకుమించి ఏమీ తెలియలేదు. అన్నం తింటే అన్నం తిన్నానని తెలిసినట్టే. మనసు కుదుటపడటం అంటే ఏమిటో, అది పడిందో లేదో చూసుకోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు. ఇంతకీ అది ఎక్కడ చెడిందో కూడా దొరకలేదు. నొప్పి అన్నా ఉంటే అది తగ్గిందో లేదో చెప్పొచ్చు.

బడికి తిరిగి వచ్చిన రోజున తొమ్మిదో తరగతికి కారణాంకాలు చెబుతున్నాను. ఉదాహరణకు ఒక పెద్ద సంఖ్య రాద్దామనిపించి బోర్డు మీద 1000003 అని రాశాను. "ఇది ప్రధాన సంఖ్యేనా, కాదా?" అని అడిగాను. పిల్లలు బోర్డును చూశారు, తరువాత నన్ను చూశారు. జవాబు నాకూ తెలియదు. ఇంతలో గంట కొట్టారు. తనకే తెలియని లెక్కను బోర్డు మీద రాసే మాస్టరు కంటే పనికిమాలినవాడు ఇంకొకడు ఉండడని నా నమ్మకం. ఆ సాయంత్రం ఇంటికి రాగానే కాగితాలు తీశాను.

ఇలాంటి లెక్కకు దారి తెలిసిందే. సంఖ్య వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కదానితో భాగించి చూడాలి. పది లక్షల మూడుకు వర్గమూలం వెయ్యిని దాటీ దాటనట్టు ఉంటుంది. వెయ్యి లోపల ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. అంటే నూట అరవై ఎనిమిది భాగహారాలు. మధ్యలో ఎక్కడైనా శేషం సున్నా వస్తే అక్కడితో పని అయిపోయినట్టే, ఒక్క భాజకం చాలు. సంఖ్య ప్రధానమైతే మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. నూట అరవై ఎనిమిది సార్లూ కాదు, కాదు, కాదు అనిపించుకుంటూ చివరిదాకా పోవలసిందే.

ఆ రాత్రే ఒక ఏర్పాటు చేసుకున్నాను. రోజుకు ఒక్క భాగహారం. బడి నుంచి వచ్చి, కాఫీ కాచుకుని, ఒక సంఖ్యతో భాగించడం. లబ్ధాన్ని మళ్ళీ గుణించి సరిచూసుకోవడం. శేషాన్ని నోటుబుక్కులో ఎక్కించి మూసేయడం. ఆదివారాలు, బడి సెలవులు ఈ పనికి కూడా సెలవే. ఎవరూ అడగని పనికి సెలవులు కూడా ఇచ్చుకున్నానంటే నా వరస చూడండి. ఇంకో మాట కూడా అనుకున్నాను. ఈ లెక్క తేలిన మర్నాడు మనుబోలు బస్సెక్కి పిల్లను తెచ్చుకుంటాను. అలా అనుకోవడంతో నా మీద నాకు కాస్త గౌరవం కలిగింది. గడువు పెట్టుకున్న తండ్రి కదా.

ముందుగా ఒకటి నుంచి వెయ్యి దాకా సంఖ్యలన్నీ రాసి, రెండు ఎక్కాన్నీ మూడు ఎక్కాన్నీ ఐదు ఎక్కాన్నీ వరసగా కొట్టేసుకుంటూ పోయాను. జల్లెడలో మిగిలినవి లెక్కపెడితే సరిగ్గా నూట అరవై ఎనిమిది వచ్చాయి.

మొదటి వారాల్లో శేషాలు కొంచెం వింతగా వచ్చాయి. ఏడుతో భాగిస్తే నాలుగు మిగిలింది. పదకొండుతోనూ నాలుగే. పదమూడుతోనూ నాలుగే. తప్పు చేస్తున్నానేమోనని మళ్ళీ చేశాను. తప్పేమీ లేదు. తొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల తొంభైతొమ్మిది అనే సంఖ్య ఏడుతోనూ పదకొండుతోనూ పదమూడుతోనూ ముప్పైఏడుతోనూ పోతుంది. నా సంఖ్య దానికంటే నాలుగు ఎక్కువ. అందుకని ఆ నలుగురి దగ్గరా నాలుగే మిగలాలి. ముప్పైఏడు రోజు వచ్చేదాకా ఆగి చూశాను. నాలుగే. వేరే రోజుల్లో అయితే ఇలాంటిది దొరికితే తరగతిలో పిల్లలకు చెప్పి నవ్వించేవాణ్ణి. అప్పుడు నోటుబుక్కులో నాలుగు అని రాసి పక్కనబెట్టాను.

ఈ సంఖ్య గురించి ఇంకా కొన్ని తెలుసుకున్నాను. వెయ్యి వర్గానికి మూడు కలిపితే ఇది వస్తుంది, అది కనబడుతూనే ఉంది. కానీ దీన్ని రెండు వర్గాల మొత్తంగా మాత్రం ఎప్పటికీ రాయలేం. నాలుగుతో భాగిస్తే మూడు మిగిలే ఏ సంఖ్యకూ ఆ యోగం లేదు. ఎన్ని వర్గాలను తెచ్చి జతకలిపినా కుదరదు. ఎందుకు కుదరదో నిరూపణ రెండు వరసల్లో అయిపోతుంది. ఆ రెండు వరసలూ రాసుకున్న రోజున మా అత్తగారి దగ్గర నుంచి కార్డు వచ్చింది. పిల్ల బోర్లపడిందట. పండగ సెలవులకు వస్తారా అని అడిగారు. బడిలో ఇన్‌స్పెక్షన్ ఉంది, అది కాగానే వస్తానని రాశాను. ఇన్‌స్పెక్షన్ అయిన తరువాత పరీక్షలని రాశాను. ఆ తరువాత వానలని రాశాను. అవన్నీ నిజాలే. ఒక్కటి కూడా కారణం కాదు.

నేను అద్దెకున్న ఇల్లు ఒక చేపలు పట్టే ఆయనది. పక్క గుడిసెలో ఆయనా ఆయన భార్యా ఉండేవారు. సాయంత్రాలు వల బాగుచేసుకుంటూ నా అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"ఏంది అయ్యోరా, దినామూ ఒకటే లెక్క చేస్తా ఉండావే. ఇంకా తేలలా?"

"తేలలేదు. పది లక్షల మూడు అని ఒక సంఖ్య ఉంది. దాన్ని సమానంగా పంచడానికి వీలవుతుందా, వీలవదా అని చూస్తున్నాను."

"ఎంత మందికి?"

"ఎంత మందికైనా."

వాళ్ళ పంపకం నాకు తెలుసు. ఒడ్డున చేపల్ని కుప్పలు పోస్తారు. పడవకో కుప్ప, వలకో కుప్ప, లాగినవాళ్ళకు మనిషికో కుప్ప. ఒకడు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకడు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి ఇదెవరికి అంటాడు. వీపు తిప్పినవాడు ఒక పేరు చెబుతాడు. ఇక దానికి తిరుగు లేదు. ఆయన వలదారం పంటితో తెంపి కొంచెంసేపు ఆలోచించాడు.

"అంటే పది లక్షల మూడు చేపలు పడినాయనుకో. ఇద్దరికి పంచినా మిగులుద్ది, ఏడుగురికి పంచినా మిగులుద్ది. అంతేనా?"

"అంతే."

"అట్టాంటి చేపల్ని ఒక్కడే ఇంటికి మోసకపోవాల. లేదంటే ఒక్కో చేపకు ఒక్కో మనిషి రావాల. మధ్యలో ఇంకో దారి లేదు."

ఎనిమిదేళ్ళుగా నేను ప్రధాన సంఖ్యకు నిర్వచనం చెబుతున్నాను. అంత బాగా ఒక్కసారీ చెప్పలేదు. "మరి కుప్పలు పోశాక మిగిలినవాటిని ఏం చేస్తారు?" అని అడిగాను.

"దాందేముండాది. ఆ దినం యాటకు రాలేక ఇంట్లో పండుకున్నోడికి పంపిస్తాం" అన్నాడు. వల మీద నుంచి చూపు తీయకుండానే, "బిడ్డెప్పుడొచ్చుద్ది అయ్యోరా?" అన్నాడు.

"ఈ లెక్క తేలినాక."

"లెక్కకూ బిడ్డకూ ఏం సంబంధం సామీ?" ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "మా ఇంటిది సాకుద్ది. ఇంట్లో ఆవు ఈనుండాది. తెచ్చుకో. ఏడుస్తే మేం లేమా?"

ఆ రోజు నూటఒకటితో భాగించాను. రెండు మిగిలింది.

మధ్యలో రెండుసార్లు మనుబోలు వెళ్ళాను. గూడూరులో బస్సు మారి, చిల్లకూరు దాటి, ట్రంకు రోడ్డు మీద పోతుంటే మొక్కుబడికి పోతున్నట్టే ఉండేది. మా అత్తగారు పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టేవారు. అది కొత్తమనిషిని చూసినట్టు చూసి మూతి విరిచేది. అంతలో మా బావగారి భార్య వచ్చి ఎత్తుకునేది. మా బావగారంటే నా భార్యకు అన్న. వాళ్ళకు పెళ్ళయి పదేళ్ళయినా పిల్లలు లేరు. ఆమె ఎత్తుకోగానే ఏడుపు ఆగిపోయేది. హమ్మయ్య అనుకునేవాణ్ణి. తండ్రి అనుకోవలసిన మాట కాదది, కానీ అదే అనుకున్నాను.

ఏడెనిమిది నెలలకు ఆఖరి సంఖ్య దగ్గరికి వచ్చాను. తొమ్మిది వందల తొంభైఏడు. లబ్ధం వెయ్యిన్నీ మూడు, శేషం పన్నెండు. అయిపోయింది. పది లక్షల మూడు ప్రధాన సంఖ్య. ఇక పెట్టె సర్దుకోవాలి.

పెట్టె సర్దుకోకుండా నోటుబుక్కు మొదటి నుంచి సరిచూడటం మొదలుపెట్టాను. ఎనభై ఒకటో వరసలో తప్పు దొరికింది. అక్కడ 413తో భాగించి ఉన్నాను. 413 ప్రధాన సంఖ్య కాదు, ఏడు యాభైతొమ్మిదులు. జల్లెడ పట్టిన రోజున దాన్ని కొట్టేయబోయి పక్కనున్న 419ని కొట్టేశాను. ఒకటి తగ్గి ఒకటి పెరిగింది కనుక మొత్తం నూట అరవై ఎనిమిదే వచ్చింది, అనుమానం రాలేదు.

అప్పుడు చేయవలసింది ఎంత? 419తో ఒక్క భాగహారం. రెండు నిమిషాలు. తొమ్మిదో తరగతిలో ఏ పిల్లవాణ్ణి అడిగినా ఆ మాటే చెబుతాడు. నేను మాత్రం ఒక తప్పు ఉన్నచోట ఇంకెన్ని ఉన్నాయో అనుకున్నాను. కొత్త నోటుబుక్కు కొన్నాను. మొదటి పేజీలో రెండుతో భాగించి ఒకటి మిగిలిందని రాశాను. రోజుకు ఒకటి, ఆదివారాలు సెలవు. మళ్ళీ మొదలు.

అది లెక్క మీద శ్రద్ధ అని నన్ను నేను నమ్మించుకున్నాను. లెక్కల మాస్టర్లకు ఈ తెగులు ఒకటి ఉంటుంది, నిక్కచ్చితనం అని పేరు పెట్టుకుని దేని వెనకనైనా దాక్కుంటాం. నిజం ఏమిటంటే నాకు భయం వేసింది. పిల్లను తెచ్చుకుంటే దాన్ని చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనిపించాలి కదా. ఏమీ అనిపించకపోతే? ఆ భయం ఒక్కటే ఆ రోజుల్లో నాలో మిగిలి ఉన్న ప్రాణం. దాన్ని కూడా నోటుబుక్కు కింద పెట్టేశాను.

రెండోసారి 419 వచ్చిన రోజున 269 మిగిలింది. చాలా సాధారణమైన శేషం.

తొలి నోటుబుక్కులో ఉన్న అంకెలే రెండో దాంట్లోకీ వస్తున్నాయి. వస్తాయని తెలుసు. పిల్ల నడుస్తోందని కార్డు వచ్చింది. మాటలు వస్తున్నాయని ఇంకో కార్డు వచ్చింది. 881తో భాగించిన రోజున మాత్రం కార్డు కాదు, కవరు వచ్చింది. మా బావగారు రాశారు. ఆయన మంచి మనిషి, ఒక్క పరుషపు మాట కూడా లేదు. పిల్లను మేము దత్తత తీసుకోవాలనుకుంటున్నాం, కొత్త చట్టం వచ్చాక ఆడపిల్లను కూడా తీసుకోవచ్చట అని రాశారు. మీకు ఇష్టం లేకపోతే పది రోజుల్లోగా వచ్చి పిల్లను తీసుకుపోండి, మేము అడ్డం చెప్పం. రాకపోతే మీకు సమ్మతమేనని అనుకుంటాం. ఆ తరువాత మీరు ఏ రోజు వస్తే ఆ రోజు, మీ చేతులతోనే మాకివ్వండి. ఇదీ ఉత్తరం.

ఉత్తరం రెండుసార్లు చదివాను. నోటుబుక్కు తీసి ఎన్ని మిగిలాయో చూశాను. 883 నుంచి 997 దాకా పదహారు. ఆ సాయంత్రం కూర్చుంటే అన్నం వేళకు అన్నీ అయిపోతాయి. అసలు అవి కానవసరం కూడా లేదు, ఒకసారి తేలిన లెక్కే. పొద్దున్నే బస్సుంది.

మర్నాడు 883తో భాగించాను. ఆ మర్నాడు 887తో.

పదో రోజు నాకు తెలుసు. నోటుబుక్కులో ఏ సంఖ్య దగ్గర ఉన్నానో కూడా తెలుసు. ఉత్తరంలో గడువు సంగతి సరిగా చూసుకోలేదని ఆ తరువాత చాలా ఏళ్ళు అందరితోనూ అన్నాను, నాతో నేను కూడా అనుకున్నాను. అబద్ధం. చూసుకున్నాను. పదో రోజు సాయంత్రం కాఫీ కాచుకుని, భాగించి, గుణించి సరిచూసి, శేషం రాసి పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

తొమ్మిది వందల తొంభైఏడు దగ్గరికి ఒక శనివారం చేరాను. పన్నెండు మిగిలింది. ఆదివారం పొద్దున బయల్దేరాను. దారిలో ఒకటి రెండుసార్లు పిల్లకు ఏమైనా కొనాలా అనిపించింది. గూడూరులో రెండు చిన్న గౌన్లు కొన్నాను. కొలత తెలియక ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకున్నాను. దాన్ని తెచ్చుకుంటాననే అనుకుంటూ వెళ్ళాను. పది రోజులూ దాటాయని తెలిసి కూడా అదే అనుకుంటూ వెళ్ళాను. మనిషి రెండు మాటలూ ఒకేసారి నమ్మగలడు.

నన్ను గుమ్మంలో చూడగానే ఆ ఇల్లంతా కదిలింది. మా బావగారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన భార్య పిల్లను భుజానేసుకుని లోపలి నుంచి పరుగున వచ్చింది.

"అన్నా, వచ్చినావా! పదో దినం దాకా నాకు ముద్ద దిగలా. ఏ బస్సు చప్పుడైనా నువ్వే వస్తా ఉండావేమో, బిడ్డను తీసకపోతావేమోనని వీధిలోకి చూస్తా ఉన్నా. పదకొండో దినం పొద్దున దేవుడికి దీపం పెట్టినా. నీ రుణం తీర్చుకోలేనన్నా" అంది.

నేను పిల్లను తీసుకుపోవడానికి వచ్చానని చెప్పడానికి నోరు తెరిచాను. పిల్ల ఆమె మెడచుట్టూ చేయి వేసి, జడ కొస గుప్పిట్లో పట్టుకుని, నిద్రకళ్ళతో నన్ను చూస్తోంది. "స్నానం చేసి రండి నాయనా, ఈ పూట తిథి బాగుండాదంట" అన్నారు మా అత్తగారు. వెళ్ళి స్నానం చేశాను.

ఊళ్ళో పెద్దలు నలుగురు వచ్చారు. పురోహితుడు నాకు చేయవలసింది చెప్పాడు. పిల్లను ఎత్తుకుని, వాళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టి, ఇచ్చినాను అనాలి. అంతే, పెద్ద తంతు కాదు. పిల్లను నా చేతికి ఇచ్చారు. ఈసారి మూతి విరవలేదు. బరువుగా ఉంది. ఆ బరువు నా మోచేతుల్లోకి, భుజాల్లోకి వచ్చింది. తలకు కొబ్బరినూనె వాసన. మెడ వెనక, జుట్టు మొదలయ్యేచోట, వాళ్ళమ్మకున్నట్టే ఒక సుడి. ఏడాదిన్నరగా నాలో ఎక్కడ ఉందో దొరకనిది ఒక్కసారిగా దొరికింది. నా బిడ్డ. దీన్ని ఎత్తుకుని లేచి గుమ్మం దాటితే నన్ను ఆపేవారు ఎవరూ లేరు. ఎదురుగా మా బావగారి భార్య ఒడి చాపి కూర్చుని ఉంది.

పురోహితుడు "ఊఁ, చెప్పండి" అన్నాడు.

పిల్లను ఆమె ఒళ్ళో కూర్చోబెట్టాను. ఇచ్చినాను అన్నాను.

వసారాలో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరో బెల్లం పంచారు. నేను కొన్న గౌన్లు రెండూ తెచ్చి పిల్ల ముందు పెట్టాను. అది పెద్ద గౌను లాక్కుని తల మీద వేసుకుంది. మా అత్తగారు వంగి దాని రెండు చేతులూ జోడించి నావైపు తిప్పారు. ఆమె తప్పేమీ లేదు, వరస మారాక పిల్లకు నేర్పవలసిందే కదా. కన్నకూతురికి మేనత్త భర్తనయ్యాను.

"దణ్ణం పెట్టు తల్లీ. ఎవురొచ్చినారు చూడు. మామ. మామ అను" అన్నారు.

"మామ" అంది పిల్ల. మాట స్పష్టంగా వచ్చింది.

నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయి ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. పోయినామె గుర్తొచ్చిందని పెద్దలు ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. మా బావగారి భార్య పిల్లను చంకనేసుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఊరుకో అన్నా, వదిన ఎక్కడున్నా చూస్తానే ఉంటది" అంది. అవునన్నట్టు తలూపి నీళ్ళు తాగాను.